బాల్కనీలో వెలిగే తెర

హుస్సేన్‌బీ వదినకు, సలాం.

ఒక మనిషి మేలు కోరడమూ, ఆ మనిషి తోడు కోరడమూ ఒకటేనా వదినా? పెళ్లయినప్పటి నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది.

మొన్న మీరు ఫోనులో, "డాక్టరు మానమన్యాక ఆ వేపు, ఆ ఛార్జింగు సిగరెట్టు, ఇంట్లో ఎందుకు పాపా, చెత్తలో పారేయ్" అన్నారు. నిజమే. మీ తమ్ముడి దగ్గు నేనూ వింటున్నాను.

కానీ ఈ సౌదీలో ఆయన వారమంతా జుబైల్ ప్లాంటులోనే ఉండి, గురువారం సాయంత్రం ఖోబర్‌లో మా ఫ్లాటుకు వచ్చి, దాన్ని పట్టుకుని బాల్కనీలో కూర్చున్నప్పుడే నాతో మాట్లాడేది. వేలు తగిలిస్తే చిన్న తెర వెలుగుతుంది. "సూడు, ఛార్జింగు ఒక గీతే ఉండాది. నా మాదిరే అలిసిపోయింది" అంటారు. "అయితే మీకూ వైరు తగిలిస్తా" అంటాను. అక్కడి నుంచి ప్లాంటు కబుర్లు, మీ ఇద్దరి చిన్ననాటి కొట్లాటలు. వారం మొత్తానికి ఈ ఫ్లాటులో నేను వినే మాటలవే.

పోయిన గురువారం ఆయనే దాన్ని నా చేతికిచ్చి, "దాచిపెట్టు. నేనడిగినా ఇయ్యొద్దు" అన్నారు. ఆ సాయంత్రం బాల్కనీలోకి రాలేదు. అన్నం తిని, ఫోను చూసుకుంటూ నిద్రపోయారు. నిన్న జుబైల్ నుంచి ఫోను చేసి, "సామాన్లేమన్నా కావాల్నా?" అని అడిగి పెట్టేశారు. ఆ రెండు ముక్కల్లో దగ్గు లేదు. సంతోషించాను, వదినా.

రేపు మళ్లీ వస్తారు. దాన్ని చెత్తడబ్బా దాకా తీసుకెళ్లి, వెనక్కి తెచ్చి ఛార్జింగు పెట్టాను. ఆయన అడిగితే ఇవ్వననే అనుకుంటున్నాను. అడక్కపోతే నేనే ఆయన చేతికిస్తానేమో, అదే ఇంకా తేల్చుకోలేకున్నాను.

మీ మరదలు