రెండేళ్లలో మనమే ఛాంపియన్లం

టొలీడో,
ఆదివారం

తమ్ముడు కాజ్‌కి,

ఈ ఉదయం నేను చర్చి నుంచి వచ్చేసరికి అమ్మ బంగాళదుంప అట్లు వేస్తోంది. లియో బేస్‌బాల్ పేజీ పరుచుకుని కూర్చున్నాడు. నువ్వు కాఫీ పోసుకుంటూ, "కుర్ర పిచర్లని ఎదగనీ అన్నయ్యా, రెండేళ్లలో మనమే ఛాంపియన్లం" అన్నావు.

"ఎదిగినవాణ్ణి ఎదిగినట్టు అమ్మేస్తాడురా ఆ పిసినారి ఓనరు! మన జట్టు జీతాలన్నీ కలిపినా న్యూయార్క్ వాళ్ల ఇద్దరు ఆటగాళ్లకి చాలవు. నాన్న కూడా నీలాగే రెండేళ్లు, రెండేళ్లు అంటూనే పోయాడు, వెర్రిబాగులవాడు!" అన్నాడు లియో.

నాన్నని లియో ఆ మాట అనకుండా ఉండాల్సింది. అయినా కాలుతున్న పెనం తీసి అన్న మొహం పగలగొడతారా, నాయనా?

నువ్వు పారిపోయాక నేను పొయ్యి ఆపి, నెత్తుట్లోంచి రెండు పళ్లు ఏరాను. లియో దవడ విరిగింది. చెంప కాలింది. ఆసుపత్రిలో మీ ఇద్దరి కోసమూ జపమాల తిప్పాను.

లియో కేసు పెడతాడా అని ఫోన్‌లో అడిగావు. మెట్ల మీద జారిపడ్డాడని డాక్టర్లకి చెబుదామంది అమ్మ. అబద్ధం చెప్పనన్నాను.

సాయంత్రం లియో మంచం చుట్టూ కూర్చుని తేల్చుకున్నాం. నోరు తెరవలేడు కాబట్టి తన మాట కాగితం మీద రాశాడు. కేసు పెట్టడు. కానీ స్టేడియంలో మూడో బేస్ వెనక నాన్న మీ ఇద్దరికీ వదిలివెళ్లిన సీట్లలో ఇక నువ్వు కూర్చోకూడదు. అందరం ఒప్పుకున్నాం. నీ సీటు ఇంకెవరికీ ఇవ్వడట. ఖాళీగానే పక్కన ఉంచుకుంటాడట.

అక్క