ఎడమవైపు వెనక దీపం

చిట్యాల,
ఆదివారం.

ఆలేరులో ఉన్న చిన్నబాపుకు నమస్తే.

మీరు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. బాపు దినాలయిన మర్నాడే శ్రీశైలం అనే ఆయన వచ్చాడు. షెడ్డులో ఉన్న మన అమెరికా కారు తనదేనన్నాడు.

"మీ బాపు నాకే ఇస్తనన్నడక్కా. పెండ్లి ఊరేగింపులకు ఇన్నేండ్లు నేనే నడిపిన" అంటూ జేబులోంచి తాళంచెవి తీసి కారు స్టార్టు చేశాడు.

"అయితే పెట్రోలు పోసుకొని తీస్కపో అన్నా" అని డబ్బా చేతికిచ్చాను. కారు చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, డిక్కీ కూడా తెరిచాడు.

"గిదేం బండక్కా, పెట్రోలు పోసే మూతే లేదు!"

అమెరికావాళ్లు కొత్తవి అమ్ముకోవడానికి ఏటా కారు రూపు మార్చేవాళ్లని, మూత కనిపిస్తే అందం పోతుందని మన యాభై ఆరు మోడల్‌లో దాన్ని ఎడమవైపు వెనక దీపం చాటున దాచారని బాపు చెప్పేవాడు. ఆ దీపం పక్కకు తిప్పడం నాకు చిన్నప్పుడు నేర్పింది మీరే. అందుకే ఆయన మీ మనిషి కాడనుకున్నాను. మీరు పంపితే ఆ సంగతి చెప్పే పంపేవారు కదా.

కానీ సిగ్గుతో వెళ్లిపోతూ ఆయన తాళంచెవి కారులోనే మరిచిపోయాడు. దానికి ఎర్రదారం ఉంది. రెండో తాళంచెవికి ఆ దారం కట్టి మీ చేతిలో పెట్టింది నేనే.

తాళంచెవి నా దగ్గరే ఉంది. ఈసారి మీరే రండి.

మీ అన్న బిడ్డ.