మంచు తుడిచేసిన ఫొటో

బావా,

నీ సంవత్సరీకం అయ్యేదాకా ఆగి, నిన్న మీ అన్న కొత్తింట్లో పాలు పొంగించాడు. నీ కోసం ఆయన ఆగింది ఆ ఒక్క విషయంలోనే.

వీధి పొడుగునా ఒకే పెంకుల కప్పు, ఒకే అరుగు. మధ్యలో మీ ఇల్లొక్కటీ పీకేస్తే పక్కవాళ్ల దూలం గాల్లో ఉంటుందని నువ్వు ఎన్నిసార్లు మొత్తుకున్నావో! అదే అయింది. పక్కింటి అప్పమ్మత్త ఇప్పుడు గోడ లేని వైపు టార్పాలిన్ కట్టుకుని ఉంటోంది.

కొత్త హాల్లో నీ ఫొటో పెద్దది చేయించి పెట్టారు. నీది కాదులే, నువ్వు తీసిన మన వీధిది. పలాసలో డయాలసిస్ చేయించుకొచ్చిన మర్నాడు, పుష్యమాసపు చలిలో దుప్పటి కప్పుకుని, మంచు అరుగుల మీదికి దిగేదాకా కూర్చుని తీశావే, అది. ఆరోజు "పనీపాటా లేదీడికి" అని విసుక్కున్న మీ అన్నే నిన్న వచ్చినవాళ్లందరినీ పిలిచి మరీ చూపించాడు.

"పొగ పట్టినట్టుంటే టెక్కలి స్టూడియోలో సుబ్బరంగా తుడిపించీసినాను. ఎలాగుందో సూడు మావా," అన్నాడు నాతో.

మంచంతా పోయింది. దాని బదులు నీలాకాశం, తెల్ల మబ్బులు, ఎక్కడిదో ఎండ.

అప్పమ్మత్త ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. అందులో ఆమె అరుగు కూడా ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసి, నా వైపు తిరిగింది.

"సానా బాగుంది నాయినా. ఇది ఏ ఊరు?"