టోబీకి మూకుడు

రాయవేలూరు, 1948

అన్నా,

ఇక్కడ మేమిద్దరం కులాసా. ఇద్దరమంటే నేనూ, టోబీ. స్వరాజ్యం వచ్చాక దొరసాని తన దేశానికి ఓడెక్కుతూ బంగళా కాపలానూ, ఈ చప్పిడి ముక్కు కుక్కనూ నాకు అప్పగించి పోయింది.

వాడి పింగాణీ పళ్ళెం మొన్న పగిలింది. గిన్నెలో పెడితే మొహమంతా అన్నంలో మునిగి, ఊపిరాడక తుమ్ముతాడు. విస్తరాకులో పెడితే దాన్ని నెట్టుకుంటూ వరండా అంతా తిరుగుతాడు. నా అరచేతిలో పెడితేనే నాలుగు ముద్దలు తింటున్నాడు. బాగా చిక్కిపోయాడు.

నాయనకు పక్షవాతం వచ్చి చెయ్యి వణికేటప్పుడు నువ్వు సారె మీద మట్టితో ఒక మూకుడు చేశావు, గుర్తుందా? లోతు తక్కువ, అడుగు బరువు, అంచు కాస్త లోపలికి. "ఇంక నా బువ్వ నేనే తింటా, ఎవురూ పెట్టే పన్లేదు" అని ఎంత మురిసిపోయాడో! అలాంటిదే ఇంకొకటి చేసి పంపు. ఆ పాతది మాత్రం వద్దు, అమ్మ దాచుకుని ఉంటుంది.

"కుక్క కోసరం సారె తిప్పినాడంట" అని గుడియాత్తంలో మనవాళ్ళు నవ్వుతారని నాకు తెలుసు. ఎవరైనా అడిగితే చెల్లెలికని చెప్పు. అబద్ధమేమీ కాదు. ఇంత పెద్ద బంగళాలో నా పక్కన కూర్చుని తినేది ఇప్పుడు వాడొక్కడే.

నీ చెల్లెలు