గది వాసనపై ఏకసభ్య సంఘం

నవంబరు 3, 2025. తిరుపతి

చెన్నై నుంచి పార్శిల్ వచ్చింది. లోపల ఒక డబ్బా, అందులో పైపులో కాల్చే కొత్త పొగాకు మిశ్రమం. ఇన్నాళ్లూ నేను కాల్చినదాని దిగుమతి ఆగిపోయినందున ప్రత్యామ్నాయం అనివార్యమైంది. డబ్బా మీద ‘పాత గ్రంథాలయపు పరిమళం’ అని ఇంగ్లీషులో రాసి ఉంది. మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గబ్బిలాలున్నాయి. తయారీదారు ఉద్దేశం అది కాదనుకుంటాను.

నేను ప్రభుత్వ పాలనా శాస్త్రం బోధిస్తాను. క్యాంపస్ పొగాకు నిషేధ కమిటీకి కన్వీనర్ని కూడా. అందువల్ల పరీక్ష ఇంట్లో, కిటికీలు మూసిన చదువుగదిలో జరగాలి. ఇందుకోసం నన్ను నేనే ఏకసభ్య సంఘంగా నియమించుకున్నాను. నియామకానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇంట్లో ఎవరూ లేరు.

నవంబరు 4

పరీక్షలో ఒక మౌలికమైన చిక్కుంది. పైపు కాల్చేవాడికి రుచి తెలుస్తుంది, గదిలో నిండే వాసన తెలియదు. ముక్కు తన పొగకు తానే అలవాటు పడిపోతుంది. ఆ వాసన ఎలా ఉందో బయటినుంచి వచ్చిన రెండో మనిషి చెప్పాలి. ప్రభుత్వాలకూ ఇదే ఇబ్బంది ఉంది, కాకపోతే అవి రెండో మనిషిని అడగవు.

ఇన్నేళ్లూ ఆ రెండో మనిషి నా భార్య మోహన. గది నిండా పొగ అయ్యాక వచ్చి, గడప దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చి తీర్పు చెప్పేది. పాత మిశ్రమానికి ఆమె ఇచ్చిన తీర్పు, చెప్పుల అంగిడి కాలినట్ల ఉండాది సార్ అని. ‘సార్’ అనేది పెళ్లయిన కొత్తల్లో ఎగతాళికి మొదలుపెట్టింది. తర్వాత దాన్ని తీసెయ్యడం ఇద్దరమూ మరిచిపోయాం.

గత డిసెంబరు నుంచి ఆమె శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజర్. సూళ్లూరుపేటలో అద్దెకుంటోంది. ఏడాది పోస్టింగ్. వచ్చే నెలతో అయిపోతుంది. ఆమె తిరిగి వచ్చేస్తుందన్న ప్రాతిపదిక మీదనే ఈ డబ్బా కొన్నాను.

నవంబరు 5

పొగాకు దారిలో ఎండిపోయింది. చేత్తో నలిపితే పొడి అవుతోంది. తేమ కోసం డబ్బాలో ఆపిల్ తొక్క వెయ్యాలని ఇంటర్నెట్ సలహా. ఇంట్లో ఆపిల్ లేదు. శుక్రవారం పూజకని తెప్పించిన తమలపాకులు మాత్రం ఉన్నాయి. కార్వేటినగరంలో మా మేనత్త పుగాకు ఎండకుండా తడి తమలపాకు చుట్టి దాచేది. ఆ పద్ధతినే అమలు చేసి మూత బిగించాను. పాశ్చాత్య విధానాన్ని స్థానిక పరిస్థితులకు అన్వయించడం మీద నేను రెండు వ్యాసాలు రాసి ఉన్నాను.

నవంబరు 7, ఉదయం

మొదటి పరీక్ష. పొగ మెత్తగా ఉంది. నాలుక మండలేదు. వాసన గురించి, ముందే రాసినట్టు, చెప్పే అర్హత నాకు లేదు.

ఇల్లు ఊడ్చే గంగులమ్మను సాక్షిగా పిలిచాను. వాసనేం లేదు సామీ అంది. ఉద్యోగానికి ప్రమాదం లేదని హామీ ఇచ్చాక గట్టిగా పీల్చి, నిశ్చితార్థం జరిగే ఇల్లు మాదిరి ఉండాది, తాంబూలాలు మార్సుకునేటప్పుడు ఇట్లే గుమ్మంటాది అంది. ఇంతకీ ఎవురికి సామీ అని కూడా అడిగింది. ఎవరికీ కాదని చెప్పాను. అమ్మ ఊర్లో లేనప్పుడు ఇట్లాటియి పెట్టుకోవద్దు అని చీపురుతో సహా వెళ్లిపోయింది.

నవంబరు 8

రెండో సాక్షి మునిప్రసాద్, మా విభాగంలో జూనియర్. అతని ప్రమోషన్ ఫైలు నా దగ్గర ఉంది. గదిలోకి వస్తూనే, అబ్బబ్బా, ఏమి వాసన సార్, ఊటీలో ఉన్నట్ల ఉండాది అన్నాడు.

నేను అప్పటికి పైపు వెలిగించలేదు.

నవంబరు 9, ఆదివారం, సాయంత్రం

మోహన ఈ వారం రాలేదు. ఆడిట్ అంట. ఫోన్ చేసింది. వాన, జ్వరం, పక్కింటి కుక్క మొదలైన అంశాలు చర్చకు వచ్చాయి. పులికాట్‌కు కొంగలు రావడం మొదలైందంట. బస్సు కిటికీలోంచి సూస్తే నీళ్లమీద ఎవురో గులాబిరంగు పంచె ఆరేసినట్ల ఉండాయి, మీరుంటే దానికి కూడా ఫుట్‌నోట్ రాసుంటారు అని నవ్వింది.

తర్వాత అసలు విషయం. కంపెనీ ఆమెను ఇంకో మూడేళ్లు ఉండమంటోంది, పై పోస్టులో. నెలాఖరులోగా సమాధానం ఇవ్వాలి. ఏం చెయ్యమంటారు సార్ అని అడిగింది.

ఇది విలువైన అవకాశమనీ, తుది నిర్ణయం పూర్తిగా ఆమెదేననీ, ఆమె ఏ నిర్ణయం తీసుకున్నా అది నాకు ఆమోదయోగ్యమేననీ చెప్పాను.

అట్లనా, అంది. ‘సార్’ అనలేదు.

నవంబరు 10

ఆమోదయోగ్యం కాదు.

నవంబరు 14

సాక్షులు నమ్మదగినవాళ్లు కారు కాబట్టి నాకు నేనే రెండో మనిషిని కావాలని తీర్మానించాను. చదువుగదిలో ఒక పైపు పూర్తిగా కాల్చి, తలుపులు వేసి, అలిపిరి దాకా నడిచి వెళ్లి, చల్లగాలికి ముక్కు శుభ్రం చేసుకుని, తిరిగొచ్చాను. బయటివాడిలా తాళం తీశాను. బయటివాడిలా గడప దగ్గర నిలబడి కళ్లు మూసుకుని గాలి పీల్చాను.

ఏమీ తెలియలేదు.

పొగాకు సంగతి అటుంచితే, ఈ ఇంట్లో మరే వాసనా లేదు. ఉదయంపూట తిరగమాతలో చిటపటలాడే ఆవాల ఘాటు లేదు. శుక్రవారం తలంటుకున్నాక ఆమె జుట్టుకు పట్టే సాంబ్రాణి లేదు. వాన మొదటి చినుకులకు ఆమె హడావుడిగా మేడమీంచి తెచ్చి మంచం మీద కుప్పపోసే బట్టల్లోంచి వచ్చే ఎండ వాసన, దాన్ని ఎండ వాసన అనొచ్చో లేదో నాకు తెలియదు, అదీ లేదు. ఈ ఇంట్లో మిగిలింది నా వాసన ఒక్కటే. అది నాకు తెలియదు. కనుక ఇల్లు ఖాళీగా ఉన్నట్టు తోచింది.

నివేదికలో ఈ పేరా చేర్చాలా వద్దా అనేది నిర్ణయించలేదు.

నవంబరు 16, ఆదివారం

ఈ వారం కూడా రాలేదు. ఈసారి నేనే ఫోన్ చేశాను. కొత్త మిశ్రమం గురించి వివరంగా చెప్పి, అర్హతగల సాక్షి అందుబాటులో లేనందున పరీక్ష నిలిచిపోయిందనీ, నిపుణురాలిగా ఆమె ఒకసారి రావడం అవసరమనీ చెప్పాను. మొదట నవ్వింది. నవ్వడం ఆపి, వాసన సూసేదానికి మనిషి కావాల్నా సార్, నేను కావాల్నా అని అడిగింది.

రెండు అంశాలూ పరిశీలనార్హమైనవే అన్నాను.

సరే, వచ్చే ఆదివారం వస్తా, రొయ్యలు తెస్తా అని పెట్టేసింది.

నవంబరు 23, ఆదివారం, సాయంత్రం

వచ్చింది. గొడుగు వరండాలో ఆరబెట్టి, నేరుగా వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద ఎల్లిపాయలు, రొయ్యలు వేగుతున్న వాసన ఇల్లంతా పాకింది. అది నాకు తెలిసింది. ఆ వాసన కోసం హాల్లో అటూ ఇటూ నడిచాను. ఏం కావాలని అడిగింది. ఏమీ లేదన్నాను.

నాలుగు గంటలకు పరీక్ష. నేను చదువుగదిలో కూర్చుని పైపు వెలిగించాను. పొగ నిండాక మోహన గడప దగ్గరికి వచ్చి నిలబడింది. చీర కొంగుకు చేతులు తుడుచుకుని, కళ్లు మూసుకుని గాలి పీల్చింది. తమలపాకు ఏసినారా, అంది. అవునన్నాను. ఇంకోసారి పీల్చింది.

పేరంటానికి పిలిచి, పసుపూ కుంకుమ పెట్టి, చేతిలో తాంబూలం పెట్టి, సరే పోయిరామ్మా అన్నట్ల ఉండాది సార్, అంది.

కళ్లు తెరిచి నావైపు చూస్తూ నిలబడింది. గడపకు అవతలే. ఆ సమయంలో నేను ఒక మాట అనవలసి ఉండింది. పైపు ఆరిపోయింది. అగ్గిపుల్ల గీసి మళ్లీ వెలిగించాను. అది వెలిగేసరికి ఆమె గొడుగు మడుస్తోంది.

బస్టాండు దాకా తోడు వెళ్లాను. సూళ్లూరుపేట బస్సు ఏ ప్లాట్‌ఫారంలో ఉంటుందో తెలియజేశాను. తెలుసు సార్, ఏడాదిగా ఎక్కతానే ఉండా కదా అంది.

నవంబరు 24

ఒక్క మాట. దానికి ముసాయిదా అక్కర్లేదు.

నవంబరు 27, సూళ్లూరుపేట

సెలవు పెట్టి బస్సెక్కాను. కారణం అనే గడిలో ‘సొంత పని’ అని రాశాను. జీవితంలో మొదటిసారి ఆ గడిలో నిజం రాశాను.

షిఫ్టు బస్సు ఆగేచోట నిలబడ్డాను. నీలం కోట్లు వేసుకున్న ఆడపిల్లలు గుంపుగా దిగారు, వాళ్ల వెనక మోహన. నన్ను చూసి పరుగులాంటి నడకతో వచ్చింది. ఏమైంది, ఒంట్లో బాగలేదా, మాత్ర ఏసుకున్నారా అని నుదురు మీద చెయ్యి పెట్టింది.

వచ్చెయ్యి అన్నాను. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది.

ఏందీ అంది. మోహనా, వచ్చెయ్యి, నువ్వు లేకుండా నాకు కావడం లేదు అన్నాను. ఈసారి గట్టిగా అన్నట్టున్నాను. ఆడపిల్లల్లో ఇద్దరు తిరిగి చూశారు.

మోహన టీ అంగడి బెంచీ మీద కూర్చుంది. మొన్ననే సరే అని చెప్పేసినాను, సంతకం కూడా అయిపోయింది అంది. ఈ మాట కోసరం సంవత్సరమంతా కాసుకోని ఉంటిని, మొన్న ఆదివారం గడపలో కూడా ఉంటిని కదప్పా అంది. నన్ను ‘అప్పా’ అనడం ఇదే మొదలు. టీ చల్లారేదాకా ఇద్దరమూ తాగలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని, సరే, ఇంకోసారి చెప్పండి, వింటాను అంది.

చెప్పాను.

నవంబరు 30, ఆదివారం, సూళ్లూరుపేట

నిన్న మళ్లీ వచ్చాను. రేపు నాకు పదింటికి క్లాసు. చివరి బస్సుకు టైమయింది. మోహన వంటింట్లో గిన్నెలు కడుగుతోంది, బస్సు టైము ఆమెకు తెలుసు. ఉండమని ఇంకా అనలేదు. చెప్పులు వేసుకోకుండా కూర్చుని ఇది రాస్తున్నాను. రాయడం ఆపితే లేవాలి, కనుక వాక్యం ఎంత పొడుగైతే అంత