ఆఖరి లాంచీ వేళ

మంగళవారం రాత్రి, 1979

హార్బరు కాలవ అవతల, లాంచీ తప్ప వేరే దారి లేని మూడు పల్లెలకు కొత్త టైమ్ టేబుల్ వేయాలని ఈ రోజు పెద్దలందరినీ వన్ టౌన్‌లోని మా లాంచీల ఆఫీసుకు పిలిచాను. పొద్దుటి లాంచీ ముందు మా పల్లెకంటే మా పల్లెకని గంటసేపు తగువులాడుకున్నారు. అప్పుడు చేపలమ్మే నూకాలమ్మ లేచింది.

"మొన్న నా కోడలికి నొప్పులొచ్చినాయి బాబూ. ఆరింటికే ఆకరి లాంచీ ఎల్లిపోనాది. తెప్ప మీద తెత్తంటే మజ్జలోనే కానుపయిపోనాది. తల్లి బతికినాది, బిడ్డ దక్కలేదు."

అది విని రేవులో కూలికెళ్లే అప్పలస్వామి పక్కపల్లె పెద్దతో, "మాకు మజ్జాన్నం లాంచీ ఒద్దు బావా. దానికి బదులు లాంచీ తోలే సరంగుని లాంచీతో రాత్రికి మనకాడే ఉండమందాం" అన్నాడు. మిగతా రెండు పల్లెలూ ఒక్కో ట్రిప్పు వదులుకున్నాయి. రాత్రిపూట ఒక లాంచీ అవతలి ఒడ్డునే ఉండాలని రాసి, అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు వేయించాను. పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో...

వెళ్తూ నూకాలమ్మ నాకు దండం పెట్టింది. ఆఖరి లాంచీ ఆరింటికి చాలని పోయినేడు రాసింది నేనే. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.