పదో వంతు కారు

వరంగల్, జనవరి 20

మిర్చి గోదాం మేనేజర్ గారికి నిఖత్ నమస్కారం.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. నిన్న ఫోన్ చేస్తే మీ గేటు మొండయ్య, "కాయితం లేంది మా సారు ఏదీ వినడు మేడం, జర రాసియ్యుండ్రి" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం.

ఎనిమిది నెలలు కష్టపడి నా చేతులతో ఎలక్ట్రిక్ కారు కట్టాను! మోటారు బ్రష్‌లెస్, అంటే లోపల అరిగిపోయే బ్రష్షులే ఉండవు. వేగం పెంచితే ఈల వేస్తుంది. గంటకు వంద కిలోమీటర్లు దాటించాలని నా పంతం. మా కాలనీలో ఎనభై రెండు దగ్గరే రోడ్డు అయిపోయింది. ఎనుమాముల రోడ్డులో మీ గోదాముల మధ్య ఉన్న సిమెంటు రోడ్డంత నున్నగా, తిన్నగా ఇంకోటి లేదు. నెల తిరిగితే దాని నిండా మిర్చి బస్తాలే. ఈలోగా ఒక్క ఆదివారం ఇప్పించండి. సీజను అయ్యేదాకా ఆగమంటే నాకు పిచ్చెక్కుతుంది.

ఇట్లు,
ఆగలేని నిఖత్

తా.క.: ఇది పదో వంతు కారు.

ఎనుమాముల రోడ్డు, జనవరి 22

నిఖత్ మేడం గారికి మేనేజర్ సుదర్శన్ వ్రాయునది.

ఉత్తరం అందింది. కారులో మీది పదో వంతేనని రాశారు. మిగతా తొమ్మిది వంతుల వాటాదారుల సంతకాలు పంపండి. కారు బరువు, డ్రైవరు పేరు, లైసెన్సు నంబరు కూడా రాయండి. లోపలికి వచ్చే ప్రతి బండీ కాంటా ఎక్కి తూకం చీటీ తీసుకోవాలి.

భవదీయుడు,
సుదర్శన్

తా.క.: ఈల వేసే బండ్లను ముందు రిపేరు చేయించుకోవాలని మా మనవి.

వరంగల్, జనవరి 24

సుదర్శన్ గారికి, తల పట్టుకున్న నిఖత్ నమస్కారం.

వాటా కాదండీ, కొలత! అసలు కారు పొడవులో పదో వంతు. బరువు కిలోన్నర. డ్రైవరు నేనే, కానీ కారులో కూర్చోను. రిమోట్ పట్టుకుని పక్కన నిలబడతాను. దయచేసి బొమ్మ అని మాత్రం అనకండి. మా తమ్ముడు ఒవైస్ ఒకసారి ఆ మాటన్నాడు, వారం రోజులు వాడితో మాట్లాడలేదు.

నిన్న మోటారుకున్న పళ్ల చక్రం తీసి కొంచెం పెద్దది వేశాను. కారును పైకెత్తి చక్రాలు తిప్పితే, అబ్బ, ఆ శబ్దం! మిక్సీ కాలిపోతోందని అమ్మీ పరుగెత్తుకొచ్చింది. ఇంకెన్నాళ్లు సార్?

ఇట్లు,
నిఖత్

తా.క.: మిక్సీ పనిచేసి నాలుగు రోజులైంది. దాని వైరు నా కారులో ఉంది. అమ్మీకి చెప్పకండి.

ఎనుమాముల రోడ్డు, జనవరి 28

నిఖత్ మేడం గారికి,

బరువు "కిలోన్నర" అని పొరపాటున రాశారు. టన్నున్నరగా దిద్ది ఫైలులో పెట్టాను. నడుస్తున్న బండిలో డ్రైవరు లేకపోవడం మాకు కొత్త కాదు. పోయిన ఏడాది రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ గోడ కట్టించాం. అందుకని రోడ్డు చివర అడ్డంగా బస్తాలు వేయిస్తాను. నీళ్ల ట్యాంకరు, ఎనిమిది మంది హమాలీలు సిద్ధంగా ఉంటారు. యజమాని శ్యాంసుందర్ గారు సంతకం పెట్టారు. ఫిబ్రవరి 2, ఆదివారం పొద్దున ఏడింటికి రండి.

భవదీయుడు,
సుదర్శన్

తా.క.: హెల్మెట్ తప్పనిసరి. కారుకు కాదు, మీకు.

వరంగల్, ఫిబ్రవరి 3

సుదర్శన్ గారూ, నూట ఏడు! నూట ఏడు!

కారులో పెట్టిన జీపీఎస్ మీటరును అరగంటకోసారి చూసుకుంటున్నాను. నిన్న నేను చేతిసంచిలోంచి కారు తీయగానే హమాలీలంతా చుట్టూ చేరి వంగి చూశారు. "అసలు బండి ఎనుక వస్తాందా మేడం?" అని మొండయ్య గేటు దిక్కు చూశాడు. అయినా రూలు రూలే కదా, దాన్నే కాంటా నడిమధ్య పెట్టి చీటీ తీశాడు.

మొదటిసారి తొంభై ఆరు, రెండోసారి తొంభై ఏడు. మిర్చి దుమ్ము మీద టైర్లు జారుతున్నాయి. బ్యాటరీ ఇంకొక్క పరుగుకే ఉంది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే హమాలీలు గోనె సంచులతో రోడ్డంతా ఊడ్చారు. అందరం తుమ్ముతూనే ఉన్నాం. "అగో పోతాంది!" అని మొండయ్య అరిచేలోపే కారు బస్తాల దగ్గరుంది. నాకు ఏడుపొచ్చేసింది. మిర్చి ఘాటని అందరికీ చెప్పాను, మీకు నిజం రాస్తున్నాను.

ఒక్కటే అనుమానం. అంత చిన్న కారును చూసి మీరొక్కరే ఆశ్చర్యపోలేదేం?

ఇట్లు,
సంతోషం పట్టలేని నిఖత్

తా.క.: హెల్మెట్ పెట్టుకుని తుమ్మకూడదు.

ఎనుమాముల రోడ్డు, ఫిబ్రవరి 5

నిఖత్ మేడం గారికి,

దొరికిపోయాను. పదో వంతు అంటే ఏమిటో మీ మొదటి ఉత్తరంలోనే అర్థమైంది. కానీ మా యజమాని ఆటలకు జాగా ఇవ్వడు. హమాలీలు క్యారమ్ బోర్డు తెస్తేనే తీయించేశాడు. కారు పరీక్ష అంటే మాత్రం దర్జాగా సంతకం పెడతాడు. వాటాలు, లైసెన్సు, టన్నున్నర, ట్యాంకరు అన్నీ ఆయన చదివే ఫైలు కోసమే. ముప్పై ఏళ్లుగా బస్తాలు లెక్కపెడుతున్నాను మేడం. ఇంత సంతోషంగా రాసిన ఉత్తరం ఈ ఆఫీసుకు ఎన్నడూ రాలేదు. కాదనబుద్ధి కాలేదు. మీరు నూట ఏడు అని అరిచినప్పుడు నేనూ ఎగిరాను, కాంటా గదిలో తలుపేసుకుని.

అయితే చిక్కొకటి వచ్చింది. నిన్న యజమాని తూకం చీటీ చూశాడు. దాని మీద సున్నా ఉంది. "గింత తేలికనా సుదర్శన్?" అన్నాడు. "ఎలక్ట్రిక్ బండ్లు గంతే సార్" అన్నాను.

మీ విధేయుడు,
సుదర్శన్

తా.క.: ఆయన తనకూ అలాంటిదే ఒకటి కట్టించమంటున్నాడు. భార్య వినోద గారిని, అత్తగారిని ఎక్కించుకుని రామప్ప గుడికి పోతాడట. అత్తగారు జర లావు. వెనక సీటు వెడల్పు ఎంతో కనుక్కోమన్నాడు.